గంగులు అమ్మని పడవ

మా పేటలో ఎవరినడిగినా చెబుతారు, గంగులు తన కొడుకు పడవను అమ్ముకుని తాగేశాడని. చేపల రేవులో చెబుతారు, భోగాపురం సంతలో చెబుతారు, నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్లలు కూడా తమ కళ్ళతో చూసినట్టే చెబుతారు. ఆ దిగులుతోనే వాడి పెళ్ళాం చిన్నతల్లి పుట్టింటికి పోయి అక్కడే కన్నుమూసిందంటారు. చిన్నతల్లి పోయినమాట నిజం. గంగులు ఆ రోజు తాగినమాటా నిజమే, మా పిట్టగోడ పట్టుకుని నడిచాడు, నేనే చూశాను. అమ్మాడన్నది మాత్రం అబద్ధం. పడవ ఎక్కడికి పోయిందో, ఈ అబద్ధం ఎవరి నోట పుట్టిందో నాకు తెలుసు. తెలిసీ మూడేళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నాను. నన్నెరిగినవాళ్ళకి ఆ మూడేళ్ళు నాకెలా గడిచాయో చెప్పక్కర్లేదు. ఇక దాచి ఎవరికి మేలు?

గంగులు మా చిన్నాన్న కొడుకు. వాడి గోడా మా గోడా ఒకటే. పొడుగు మనిషి, మాట పొట్టి. పది ప్రశ్నలడిగితే ఒక్కదానికి "ఊఁ" అంటాడు. చిన్నతల్లి దానికి ఎదురు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, గోడ మీదుగా నాతో కబురు పూర్తిచేసిగానీ వెళ్ళేది కాదు. వీళ్ళకి ఒక్కడే కొడుకు, వినోద్. ఇంటరు తప్పి తండ్రితో పడవెక్కాడు.

వాళ్ళది చెక్క పడవ. అందరూ ఫైబర్ పడవలకి మారిపోయినా గంగులు మారలేదు, తండ్రి దగ్గరుండి చేయించిన పడవ మరి. వినోద్ దాని ముక్కు మీద పచ్చరంగుతో చేప బొమ్మ వేశాడు. ఆ చేపకి ముక్కు వంకర తిరిగి అచ్చం చిలకలా వచ్చింది. "ఒరే, ఇది సేపా సిలకా? జాంకాయెట్టమంటావేటి?" అని నేను ఏడిపిస్తే, "నీకు సూపానట్లేదు అత్తా, కళ్ళద్దాలెట్టించుకో" అనేవాడు.

రెండువేల పన్నెండు, మాఘమాసం. గంగులు అరికాల్లో జెల్ల చేప ముల్లు విరిగి కాలు గుమ్మడికాయలా వాచింది. రాత్రి వేసిన వల తీసుకురావాలి. "నానొక్కణ్ణే ఎల్లొచ్చీస్తానులే" అని వినోద్ వెళ్ళాడు. గాలి లేదు, వాన లేదు, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. మూడోరోజు పడవ మాకు ఎగువనున్న ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. వల ఉంది. మూత తియ్యని చద్దన్నం క్యారేజీ ఉంది. వాడు లేడు. ఎక్కడా తేలనూ లేదు.

ఏడిచే నోళ్ళన్నీ చిన్నతల్లి చుట్టూ చేరితే అది కసిరింది.

"ఎవుడు పోనాడని ఏడుస్తన్నారు? పడవ మునిగినాదా? సిల్లు పడినాదా? పడవే మునగనప్పుడు ఆడెలగ మునుగుతాడు? పెద్ద ఓడోలెవరో ఎక్కించుకుని అట్టికెళ్ళిపోనారు. తిరిగొస్తాడు, లెగండి!"

ఇలాంటివి వినకపోలేదు మేము. ఏ దేశం నీళ్ళలోనో దొరికిపోయి ఏడాదికి ఇంటికి చేరినవాళ్ళున్నారు. అందుకని ఎవరం కాదనలేకపోయాం. కర్మ చెయ్యనివ్వలేదు. పెద్దలొచ్చి చెప్పినా వినలేదు. రోజూ సాయంత్రం పడవ దగ్గరికెళ్ళి ఇసక దులిపి, పొద్దు గుంకేదాకా కూర్చుని వచ్చేది. "పడవుంటే ఆడొస్తాడొదినా," అనేది నాతో.

గంగులు మళ్ళీ సముద్రంలో కాలు పెట్టలేదు. విజయనగరం అవతల, సాలూరు వెళ్ళే దారిలో ఒక కోకు బట్టీ ఉంటే అందులో కూలికి చేరాడు. అక్కడే రేకుల షెడ్డులో ఉండి ఆదివారం ఇంటికొచ్చేవాడు. అదేం పనో తెలుసుకోకుండా నేనుంటానా? అడగ్గా అడగ్గా ముక్కముక్కగా చెప్పాడు. రాతిబొగ్గు పొడిచేసి, గదుల్లాంటి ఇటుక బట్టీల్లో పోసి, తలుపు మూసి, సందు లేకుండా బంకమట్టి మెత్తేస్తారు. రెండు రోజులు లోపలే మగ్గుతుంది. తలుపు తీసి, ఎర్రటి దాన్ని బయటికి లాగి నీళ్ళు కొడితే గట్టి కోకు. ఇనుము కరిగించేవాళ్ళు కొనుక్కుంటారు.

"మరి నీ పనేటిరా?"

"మట్టి మెత్తడం."

"సముద్రమంతా ఈదినోడివి మట్టి మెత్తుకుంటన్నావా?"

"ఊఁ."

రెండేళ్ళు అలా గడిచాయి. అప్పుడు హుద్‌హుద్ వచ్చింది.

ఆదివారం కావడం మా అదృష్టం, గంగులు ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే అందరం బడి మేడలోకి చేరిపోయాం. నేను తలలు లెక్కపెడితే చిన్నతల్లి లేదు. "నీ పెళ్ళామేదిరా?" అన్నాను. వాడు నా మొహం చూశాడు, ఆ గాలిలో పరిగెత్తాడు. రేకులు కాగితాల్లా ఎగిరిపోతున్నాయి, సరుగుడు చెట్లు అగ్గిపుల్లల్లా విరుగుతున్నాయి. ఎంతసేపటికో దాన్ని బస్తాలా భుజాన వేసుకుని వచ్చాడు. పడవ తాడు నడుముకి నాలుగు చుట్లు చుట్టుకుని పడవకి కట్టుకుని కూర్చుందట. కత్తితో కోస్తేగానీ ఊడలేదు. దాని నడుం చుట్టూ తాడు ఒరుసుకుని నెత్తురు. మెట్ల మీద దించినా వాడి వీపు మీద గుద్దుతూనే ఉంది.

"ఒగ్గు నన్ను! గుంటడొచ్చి పడవేదని అడిగితే నువ్వు సెప్తావా? ఏటని సెప్తావు?"

గంగులు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. సముద్రం ఒకర్ని తీసుకుంది, రెండోవాళ్ళని పిలుస్తోంది, పడవను ఎరగా పెట్టి.

ఆశ్చర్యం ఏంటంటే ఆ పడవ అంత తుఫానులోనూ ఉంది. ఒక పక్క చెక్కలు ఊడి, బోర్లా పడి, ఇసకలో కూరుకుని, అయినా ఉంది. ఫైబర్ పడవలు పెంకుల్లా పగిలిపోయాయి. చిన్నతల్లికి అది దేవుడి మాటే అయింది. "సూసావా వదినా, ఎలగుందో!"

తుఫాను తరవాత మా పక్కంతా చెట్ల శవాలు. మామిడి, జీడి, సరుగుడు, ఎటు చూసినా అవే. మంచి మానులు కోతమిల్లులకి పోయాయి. మిగిలిన వేళ్ళు, బెరళ్ళు, పేళ్ళు, రంపప్పొట్టు గుట్టలు పడి ఉంటే, గంగులు పనిచేసే బట్టీవాళ్ళు లారీలు పెట్టి ఎత్తుకెళ్ళడం మొదలెట్టారు. వాటిని ముక్కలు చేసి, ఎండబెట్టి, వంద గంపల బొగ్గుకి నాలుగైదు గంపల వంతున కలిపితే తక్కువ బొగ్గుతోనే కోకు దిగుతుందని ఎవరో చదువుకున్నవాళ్ళు చెప్పారట. పెసరపప్పులో గుప్పెడు బియ్యం వేసి రుబ్బుతాం కదా, అలాగన్నమాట. వంతు ఎక్కువైతే పాడు, తక్కువైతే దండగ. ఆ కలిపే పనికి గంగులును పెట్టారు. చేతి కొలత తప్పని మనిషి కదా. ఒక్కటే కట్టడి: ఉప్పునీళ్ళు తాగిన కర్ర కలపకూడదు. ఉప్పు బట్టీ ఇటుకల్ని తినేస్తుంది, కోకు పిండిపిండి అయిపోతుంది.

ఇటు మా వాళ్ళ కట్టడి మాకుంది. సముద్రం చూసిన చెక్కని మేం పొయ్యిలో పెట్టం. తుఫానుకి ఎన్ని పడవలు ముక్కలైనా, ఇంట్లో పుల్ల లేక పచ్చికొమ్మలతో పొగలో ఏడుస్తూ వండుకున్నాంగానీ, ఒక్క పడవ ముక్కని ఎవరూ ముట్టలేదు. మనల్ని మోసినదాన్ని కాల్చుకుంటామా?

సంక్రాంతి వెళ్ళిన వారం. చిన్నతల్లికి కళ్ళు మసకేస్తున్నాయంటే విజయనగరం కళ్ళాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేసరికి ఒడ్డున పడవ లేదు. ఇసకలో ఈడ్చిన గాడి ఒకటి ఉంది, అంతే. పడవను సాలూరు వైపు వెళ్ళే లారీ ఎక్కించారనీ, లారీలో గంగులు కూడా ఉన్నాడనీ వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు చెప్పారు. చిన్నతల్లి ఆ గాడిలో కూర్చుంది. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు.

అయిదోరోజు గంగులు వచ్చాడు, తాగి. అది గుమ్మంలో నిలబడి ఒకేమాట అడిగింది. "అమ్మీసినావంట, నిజవేనా?" అప్పటికే ఆ మాట గంగులు కంటే ముందే ఇంటికి చేరింది.

వాడు తల ఊపాడు.

"ఎవుడికి?"

వాడు దాన్ని దాటుకుని లోపలికెళ్ళి పడుకున్నాడు. తెల్లారి అది ట్రంకుపెట్టె తీసుకుని శ్రీకాకుళం అవతల కన్నవారి ఊరికి వెళ్ళిపోయింది. గడప దిగుతూ "నీ సేతికూడు తిన్ను, నీ మొకం సూడను," అంది. అంత కబుర్ల మనిషి ఆ రెండు మాటలే అంది.

ఇక నేను. ఆ మాట ఎవరన్నారో పట్టుకుందామని బయల్దేరాను. "నీకెవరు సెప్పినారే?" అంటే చేపలమ్మే రాణి టీకొట్టు సూరయ్య పేరు చెప్పింది. సూరయ్య దగ్గరికెళ్ళి "నీకెవుడు సెప్పినాడురా?" అంటే వాడు నన్ను వింతగా చూశాడు.

"ఎవుడో సెప్పడమేటి పిన్నీ, గంగులే సెప్పినాడు. సారా కొట్టుకాడ బల్లెక్కి నిలబడి, 'అందరూ ఇనండ్రా, నా కొడుకు పడవ ఒడిస్సావోడొకడికి అమ్మీసినాను, తాగీస్తన్నాను' అని అరిసినాడు."

నాకు అక్కడే కొట్టింది అనుమానం. పెళ్ళికి కూడా "ఊఁ" అనేసి తాళి కట్టిన మనిషి, బల్లెక్కి అరవడమేంటి? పైగా వారం దాటినా పనిలోకి వెళ్ళలేదు. అడిగితే గోడకేసి తిరిగి పడుకున్నాడు.

మర్నాడు వంజరం ముక్కలు వేయించి డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. విజయనగరంలో దిగి, ఆటో పట్టుకుని బట్టీకి పోయాను. గేటు దగ్గరే ఆపేశారు. "గంగులు అప్పని, వాడికి కూరట్టుకొచ్చాను," అన్నాను; మా పక్క అక్కని అప్ప అంటాం. వాడు లేడని నాకు తెలీదా? తెలిసినట్టు కనబడకూడదు కదా. ఆ మాటకి లోపల్నుంచి ఒక నల్లటి మనిషి వచ్చాడు. బొగ్గు నలుపో పుట్టు నలుపో చెప్పలేను. పేరు ఆదాము. తలుపులకి మట్టి మెత్తడంలో గంగులుకి జోడీ. విజయనగరం బాప్టిస్టు చర్చి మనిషి.

"గంగుల్ని తీసేసినారు మామ్మా, నీకు సెప్పనేదా?"

"ఆడు సెప్పడమా? నువ్వు సెప్పు. ముందిది తిను."

తిన్నాడు. తింటూ చెప్పాడు, చెబుతూ తినడం మానేశాడు.

"ఏర్లూ కొమ్మలూ దింపుతంటే కిందన పడవున్నాది. 'ఇదేటి బావా?' అన్నాను. 'అడక్కు, గొడ్డలట్రా' అన్నాడు. ముందో రెండు దెబ్బలు తనే ఏసినాడు. ముక్కు కాడకొచ్చీసరికి గొడ్డలి నా సేతికిచ్చీసి అటు తిరిగిపోనాడు. దాని మీదొక సిలకబొమ్మున్నాది."

"సేప," అన్నాను.

"అవునా? నాను సిలకనుకున్నాను మామ్మా."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆదాము ఆగి, నేను చెంగుతో మొహం తుడుచుకున్నాక మళ్ళీ అందుకున్నాడు.

"ఎవులికన్నా ఇచ్చీరాదేటి అన్నాను. 'ఏ ఒడ్డునెట్టినా సిన్నతల్లి ఎతికి పట్టుకుంతాది బావా. మళ్ళీ తుపానొస్తే మళ్ళీ కట్టుకుంతాది. ఆరోజు ఆదోరం గాబట్టి నానున్నాను,' అన్నాడు. సముద్రంలో ఒగ్గీ అంటే, మళ్ళీ తెచ్చి ఒడ్డునెడతాదన్నాడు. ఇంటికాడ పొయ్యిలో మీరు ఎట్టరంట గదా. అందుకని ముక్కలు సేసి బొగ్గులో కలిపీసినాడు. ఉప్పుకర్ర కలపకూడదని అందరికంటే ఆడికే ఎక్కువ తెలుసు. ఆ తలుపుకి నన్ను మట్టి మెత్తనివ్వనేదు. గుమ్మం అలికినట్టు నున్నగా తనే మెత్తినాడు. రెండ్రోజులు దాని ముందరే కూకున్నాడు. మెతుకు ముట్టనేదు. సావింటికాడ మేం పాడుకునే పాటొకటుంతాది, నాను పాడినాను. వద్దననేదు."

ఆ బట్టీలో దిగిన కోకు చేత్తో నలిపితే నలిగిపోయిందట. లోపలి ఇటుకలకి గాజులా పొర కట్టిందట. సూపర్వైజరు ధనరాజు అందర్నీ వరసలో నిలబెట్టి "ఉప్పుకర్ర కలిపిందెవడ్రా?" అని కేకలేశాడు. అడగ్గానే గంగులు ముందుకొచ్చాడు. ఎందుకు చేశావంటే మాత్రం నోరిప్పలేదు. అదే రోజు పొమ్మన్నారు.

డబ్బా ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. భోగాపురం వచ్చేదాకా పక్కనావిడని ఏ ఊరని కూడా అడగలేదు.

సరాసరి వాడింటికే వెళ్ళాను. "ఒరే గంగులూ, ఆదాముని కలిసాను," అన్నాను. లేచి కూర్చున్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు, పుట్టి బుద్ధెరిగాక వాడలా పట్టుకోలేదు.

"దానికి సెప్పకప్పా."

"సెప్పకపోతే ఎలగరా? నిన్ను తాగుబోతంటన్నాది లోకం. నానెల్లి నిజం సెప్తే రేపే తిరిగొస్తాది."

"సెప్పకు. నా మీదొట్టు."

"ఎందుకురా?"

వాడు నా చేతులు వదిలేసి గోడకేసి తిరిగిపోయాడు. ఆ వెధవ ఒట్టే నన్ను మూడేళ్ళు కట్టేసింది.

మరుసటేడు చిన్నతల్లిని చూడ్డానికి వెళ్ళాను. సగమైపోయింది. అయినా ఊరికే కూర్చోలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, ఒడ్డు వెంట ఊరూరా తిరుగుతోంది. చేపలమ్మడం పేరుకి. ఊరు రాగానే గంప దించి, ఒడ్డునున్న చెక్క పడవల్ని ఒక్కొక్కటే ముక్కు తడిమి చూస్తుంది. కళ్ళు ఆనవు కదా, వేళ్ళతోనే వెతుకుతుంది, రంగు ఎత్తుగా తగుల్తుందేమోనని.

"ఇరవై మూడూళ్ళు అయిపోనాయొదినా," అంది, నాకు మంచినీళ్ళిచ్చి. "ఇంకా ఒడిస్సా ఒడ్డు సూడనేదు. అక్కడుంతాది. కొన్నోడు మంచోడైతే సాలు, ఎండలో ఒగ్గీకుండా తాటాకు కప్పితే సాలు. ఆడిమీద కోపం నేదు నాకు. ఆడు కొన్నాడు, అంతే గదా. ఈ తాగుబోతు మొగుడి మీదే."

నాలుక చివర దాకా వచ్చింది. నీళ్ళతో మింగేశాను. "ఒకపాలి ఇంటికి రాకూడదేటే పిల్లా?" అన్నాను.

"పడవతోనే వస్తాను. ఆడికి సెప్పు, పడవతోనే వస్తాను."

రెండువేల పద్దెనిమిది వానాకాలంలో జ్వరం తగిలింది దానికి. సరిహద్దు దాటి ఒడిశా ఊళ్ళు చూసొచ్చింది, వానలో తడిసి వచ్చింది. పదిరోజులు కూడా మంచాన లేదు. కబురొస్తే గంగులు, నేను వెళ్ళాం. ఆ ఊరివాళ్ళు వాణ్ణి శవం దగ్గరికి రానివ్వలేదు. "అమ్ముకున్నోడా, ఇప్పుడొచ్చినావా?" అని దాని తమ్ముడు రొమ్ము మీద చెయ్యేసి తోశాడు. వాడు తడికె అవతల నిలబడిపోయాడు. లోపల్నుంచి దాన్ని ఎత్తుకొస్తుంటే, ఎవరి భుజాల సందులోంచో దాని పాదాలు కనబడ్డాయి, ఒడ్డున నడిచి నడిచి మడమలు పగిలి ఉన్నాయి. వాడు వాటికేసి దణ్ణం పెట్టాడు. ఆ తమ్ముడి మొహాన నిజం కొట్టాలని నేను నోరు తెరిచాను. గంగులు నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు.

కర్మ అయ్యేదాకా ఆగాను. మా ఊళ్ళోనే, వాడొక్కడే చేసుకున్నాడు. కొడుక్కీ పెళ్ళానికీ కలిపి ఒకే ముద్ద సముద్రంలో వదిలాడు. ఆరేళ్ళ తరవాత మొదటిసారి నీళ్ళలో దిగాడు, మోకాళ్ళ లోతు. ఒడ్డుకొచ్చాక తడిబట్టలతోనే ఇసకలో కూర్చుంటే నేనూ పక్కన చతికిలబడ్డాను. మధ్యాహ్నం, జనం ఎవరూ లేరు.

"ఒరే గంగులూ," అన్నాను. "ఇంక నీ ఒట్టు నాకక్కర్నేదు. ఇయ్యాల సెప్పకుండా నువ్విక్కణ్ణించి లెగలేవు. బట్టీలో ఏసినావు, అది బతకాలని ఏసినావు, తెలుసు. కాని అమ్మీసినానని నీ నోటితో నువ్వే ఎందుకు పుట్టించినావు? ఊరంతా ఉమ్మేస్తంటే ఎందుకు తుడుసుకున్నావు? అది నిన్నొగ్గీసి ఎల్లిపోతంటే, ఒక్క మాటతో ఆపీడానికి నీకు నోరు నేకపోనాదా?"

వాడు ఇసక గుప్పిట్లో పట్టుకుని వదిలాడు. మళ్ళీ "ఊఁ" అని లేచిపోతాడేమో అనుకున్నాను. లేవలేదు. సముద్రానికేసి చూడకుండా, నాకేసి చూసి చెప్పాడు.

"కాల్సీసినానంటే ఆ రోజే కొడుకు సచ్చిపోనట్టప్పా దానికి. అమ్మీసినానంటే, ఎక్కడో ఏదో ఒడ్డున ఉన్నట్టే గదా."